మశూచిని జయించిన వైద్యుడు - ఎడ్వర్డ్ జెన్నర్

మానవజాతిని శతాబ్దాల తరబడి పీడించిన వ్యాధులలో మశూచి అతి భయంకరమైనది. సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురిని అది బలిగొనేది. బతికి బయటపడినవారి ముఖాలపై చెరగని మచ్చలను మిగిల్చేది. కొందరి కంటిచూపును హరించేది. తెలుగునాట పల్లెప్రజలు దానిని అమ్మవారుగా భావించి, శాంతించుమని వేపమండలతో మొక్కుకొనేవారు. అట్టి మహమ్మారిని తుదముట్టించే మార్గాన్ని లోకానికి చూపిన మహనీయుడు ఎడ్వర్డ్ జెన్నర్.

జెన్నర్ 1749 మే 17న ఇంగ్లండులోని బర్క్‌లీ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి మతాచార్యుడు. అయిదేళ్ల ప్రాయంలోనే తల్లిదండ్రులను కోల్పోయి తోబుట్టువుల సంరక్షణలో పెరిగాడు. ఆ రోజులలో మశూచి పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే పద్ధతి ఉండేది. దానివల్ల సాధారణంగా వ్యాధి స్వల్పంగా వచ్చి, మళ్లీ సోకకుండా రక్షణ కలిగేది. కాని కొందరు ఆ ప్రయత్నంలోనే మరణించేవారు. ఎనిమిదేళ్ల జెన్నర్‌కు ఈ చికిత్స చేశారు. దానికి ముందు వారాల తరబడి పస్తులుంచి, రక్తం తీశారు. ఆ బాల్యానుభవం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది.

యౌవనంలో జెన్నర్ లండన్‌లో సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ వద్ద శిష్యరికం చేశాడు. ఊహలతో తృప్తిపడక ప్రయోగం చేసి చూడాలనే దృష్టి ఆయనకు గురువు వద్దనే అలవడింది. అనంతరం స్వగ్రామానికి తిరిగివచ్చి వైద్యవృత్తిని చేపట్టాడు.

పాలు పితికేవారికి ఆవుల పొదుగులనుండి గోమశూచి అనే స్వల్పవ్యాధి సోకేది. అది సోకినవారికి మశూచి రాదని రైతులు చెప్పుకొనేవారు. 1774లో బెంజమిన్ జెస్టీ అనే రైతు ఆ నమ్మకంతోనే తన భార్యాబిడ్డలకు గోమశూచి రసిని అంటించాడు. ఆ నమ్మకాన్ని జెన్నర్ శాస్త్రపరీక్షకు నిలిపాడు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలికాపు యువతి చేతి పొక్కునుండి రసిని తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ల బాలుని చేతికి ఎక్కించాడు. జూలై 1న అదే బాలునికి మశూచి రసిని ఎక్కించాడు. వ్యాధి రాలేదు. ఊహ తప్పై ఉంటే ఆ పేదబాలుని ప్రాణానికే ముప్పు వాటిల్లేది. నేటి వైద్యనీతి అట్టి ప్రయోగాన్ని అనుమతించదు.

రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని స్వీకరించలేదు. జెన్నర్ నిరుత్సాహపడక మరికొన్ని ప్రయోగాలు చేసి, 1798లో స్వయంగా గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ ప్రయోగాలలో పదకొండు నెలల తన కుమారుడు రాబర్ట్‌కూ టీకా వేశాడు. అది ఆ శిశువుకు పట్టలేదు. ఆ వైఫల్యాన్ని దాచక గ్రంథంలో నమోదు చేయడం ఆయన సత్యనిష్ఠకు నిదర్శనం.

టీకా శీఘ్రంగా దేశదేశాలకు వ్యాపించింది. 1802లో అది బొంబాయి చేరగా, మూడేళ్ల పసిపాప అన్నా డస్ట్‌హాల్ భారతదేశంలో తొలి టీకా పొందింది. బ్రిటిష్ పార్లమెంటు జెన్నర్‌కు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు బహూకరించింది. ఆయన మాత్రం తన తోటలోని కుటీరంలో పేదలకు ఉచితంగా టీకాలు వేసేవాడు. 1823 జనవరి 26న కన్నుమూశాడు.

ఆయన భావాలన్నీ సత్యాలు కావు. ఒక్క టీకాతో జీవితాంతం రక్షణ లభిస్తుందని ఆయన నమ్మాడు; మళ్లీ టీకా వేయవలసి ఉంటుందని తరువాత తేలింది. గోమశూచికి మూలం గుర్రాల వ్యాధి అని ఆయన ఊహించినప్పుడు పలువురు పరిహసించారు. అయితే 1902 నాటి ఒక టీకామందులోని వైరస్ జన్యుక్రమాన్ని పరిశీలించి, అది గుర్రాలకు వచ్చే మశూచి వైరస్‌కు మిక్కిలి సన్నిహితమని శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించారు.

ఒకే టీకాకు పిల్లలందరూ ఒకే విధంగా ఎందుకు స్పందించరన్నది జెన్నర్ కాలంలో అంతుపట్టని ప్రశ్న. చేతిపై లేచిన పొక్కే నాటి వైద్యునికి ఆధారం. నేటి పరిశోధకులు పిల్లల జన్యుసమాచారాన్ని పరిశీలిస్తున్నారు. తట్టు, హెపటైటిస్-బి వంటి టీకాలకు దేహం స్పందించే తీరులో వయస్సు, పోషణలతోపాటు జన్యుభేదాల పాత్ర కూడా ఉన్నదని గుర్తించారు.

1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమిపై మశూచి అంతరించినదని ప్రకటించింది. సామాన్యుల మాటను తేలికగా తీసివేయక పరీక్షించి చూసిన ఒక పల్లెవైద్యుని కృషి ఆ విజయానికి పునాది. ఫలితం తనకు ప్రతికూలమైనా ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ఆ నిజాయితీ విద్యార్థులకు సదా ఆదర్శం.