పలుకుబడుల పరిశోధకుడు – సి.పి. బ్రౌన్

భాష ఒక్కటే అయినా పలుకుబడి అంతటా ఒక్కటిగా ఉండదు. ఇంగ్లీషువారి దేశమే ఇందుకు తార్కాణం. స్కాట్లండులోని గ్లాస్గో నగరవాసి మాట లండను వాసికి ఒక పట్టాన అర్థం కాదు. యార్కుషైరు పల్లెలలో వినవచ్చే పదాలు దక్షిణ ఇంగ్లండు వారికి కొత్తగా తోస్తాయి. అటువంటి దేశం నుండి వచ్చిన అధికారులు 19వ శతాబ్దపు తొలినాళ్ళలో తెలుగునాట పాలనాభారం వహించినప్పుడు వారికి ఇక్కడా అదే చిక్కు ఎదురైంది. కావ్యాల తెలుగు వేరు, పల్లెల తెలుగు వేరు, కచేరీల తెలుగు వేరు. ఈ చిక్కును ప్రజల దోషంగా ఎంచక, దానిని విప్పడమే తన జీవితకార్యంగా స్వీకరించిన విద్వాంసుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆ చిక్కు ఎంతటిదో గ్రహించడానికి నేటి కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన్ని చూస్తే చాలు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం కన్నడ సీమకు పొరుగున ఉంది. విజయనగర రాజుల తరువాత బిజాపురం సుల్తానులు, మొగలులు, నిజాము, టిప్పు సుల్తాను పాలనలను చూసిన ఆదోని 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ వశమైంది. చిరకాలం బళ్ళారి జిల్లాలో ఉండి, 1953లో కర్నూలు జిల్లాలో చేరింది. ఒక్కొక్క పాలన కొన్ని మాటలను ఇక్కడ విడిచి వెళ్ళింది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినిపించే సీమ ఇది. ఊట అంటే తెలుగువారికి నేలలో ఊరే నీరు, కన్నడిగులకు భోజనం. మాడు అంటే తెలుగులో కాలి నల్లబడడం. కన్నడంలో పని చేయడం. కోస్తావారు ఎక్కడికి అని అడిగేచోట ఈ సీమవాసి యాడికి అని అడుగుతాడు. కోస్తారైతు నాగలి అనే పనిముట్టును రాయలసీమలో చాలాచోట్ల మడక అంటారు. ఈ భేదాలు తెలియని కొత్తవాడు ప్రతి మాట వద్దా తడబడక తప్పదు.

దత్తమండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గ్లాస్గోలో జన్మించినవాడు. గుడారాలలో బస చేస్తూ గ్రామగ్రామం తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడి శిస్తులు నిర్ణయించిన పాలకుడిగా ఆయన ప్రసిద్ధికెక్కారు. 1820లో మద్రాసు గవర్నరు అయిన తరువాత, ఉద్యోగార్థులైన యువకులకు దేశభాషల అవసరాన్ని నొక్కి చెప్పారు. ఆ హితవును జీవితాంతం పాటించిన యువకులలో బ్రౌన్ అగ్రగణ్యుడు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలివెళ్ళింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో సివిల్ ఉద్యోగానికి తగిన శిక్షణ పొంది, 1817లో బ్రౌన్ మద్రాసు చేరుకున్నారు. సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దారు. 1820 ఆగస్టులో కడప కలెక్టరు హన్బరీకి సహాయకుడిగా నియమితులయ్యారు.

కడపలో ఆయనకు భాష అసలు రూపం దర్శనమిచ్చింది. అప్పటికి విలియం కేరీ 1814లోనూ, కాంబెల్ 1816లోనూ ప్రకటించిన వ్యాకరణాలు ఉన్నాయి. కాని పండితులు ఆదరించే గ్రాంథిక రూపాలకూ, కచేరీ ముంగిట నిలిచిన రైతు నోటి మాటకూ మధ్య దూరం చాలా ఉంది. హన్బరీ తెలుగులో ధారాళంగా మాట్లాడేవారు. ఆయనను చూసి, నిత్యం ప్రజలతో మెలగి, బ్రౌన్ కూడా వ్యవహారభాషను పట్టుకున్నారు. తరువాత మచిలీపట్నంలోనూ, రాజమహేంద్రవరంలోనూ పనిచేయడంతో సీమ తెలుగునే కాక కోస్తా తెలుగును కూడా దగ్గరగా వినే అవకాశం ఆయనకు లభించింది.

నాటి కచేరీలలో భాష తెలియకపోవడం కేవలం అసౌకర్యం కాదు, అన్యాయానికి మూలం. దత్తమండలాలలో లెక్కలు చాలావరకు మరాఠీలో సాగేవి. న్యాయస్థానాల వ్యవహారంలో పారసీ, అరబ్బీ మాటలు నిండి ఉండేవి. అర్జీ, జప్తు, జామీను, రాజీనామా, ఫైసలా, ముచ్చలిక వంటి పదాలు తెలుగు వాక్యాలలో కలిసిపోయాయి. రైతు తన యాసలో చెప్పుకొన్న గోడును గుమాస్తా తన శైలిలోకి మార్చి వ్రాసేవాడు. అనువాదకుడు దానిని ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఇన్ని చేతులు మారిన మాట దొర చెవికి చేరేసరికి అసలు అర్థం మిగిలేదన్న నమ్మకం లేదు. ఒక్క పదం తారుమారైతే ఒక కుటుంబం తన భూమినే కోల్పోవచ్చు. అధికారికి ప్రజల భాష తెలియనంతకాలం నిజమైన అధికారం మధ్యవర్తుల చేతిలోనే ఉంటుందని బ్రౌన్ గ్రహించారు.

ఈ గ్రహింపే ఆయనను వేమన వైపు నడిపించింది. దుబాయి అనే ఫ్రెంచి మతాచార్యుని గ్రంథం ద్వారా 1824లో ఆయనకు వేమన పేరు తెలిసింది. జనం నాలుకలపై నిలిచిన ఆ పద్యాలను నాటి పండితులు అంతగా ఆదరించలేదు. బ్రౌన్ మాత్రం వాటిలో ప్రజల నుడికారాన్ని చూశారు. అనేక ప్రాంతాల నుండి వ్రాతప్రతులు తెప్పించి, పాఠభేదాలు పోల్చి చూసి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించారు. కడపలో తాను కొన్న బంగళాలో పండితులకు సొంత జీతం నుండి వేతనాలు ఇచ్చి, ప్రతులు వ్రాయించి, కావ్యాలను పరిష్కరింపజేశారు. ఈ వ్యయం ఆయనను అప్పులపాలు చేసినా పని ఆగలేదు.

మాట విలువ ఎంతటిదో ఆయన ఉద్యోగజీవితంలోని ఒక ఘట్టం తెలుపుతుంది. 1832-33లో గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించింది. పై అధికారులు దానిని కేవలం కొరత అనడానికే ఇష్టపడ్డారు. ఆ సమయంలో అక్కడ పనిచేసిన బ్రౌన్ దానిని కరవు అనే పేర్కొన్నారు. అందువల్ల వారి అసమ్మతికి గురయ్యారు. ఆకలితో మరణిస్తున్న జనుల స్థితికి సరియైన పేరు పెట్టడం కూడా న్యాయంలో భాగమేనని ఈ ఘట్టం చాటుతుంది.

1835లో ఇంగ్లండు వెళ్ళిన బ్రౌన్ అక్కడ కూడా ఊరక ఉండలేదు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణభాషల వ్రాతప్రతులను వెలికితీసి మద్రాసుకు పంపే ఏర్పాటు చేశారు. 1838లో తిరిగి వచ్చి, ప్రభుత్వానికి పారసీ అనువాదకులుగానూ, అనంతరం పోస్టుమాస్టరు జనరలుగానూ పనిచేశారు. 1840లో తెలుగు వ్యాకరణం ప్రకటించారు. 1852లో వెలువడిన తెలుగు వాచకంలో సొంత ఉత్తరాలను, వ్యాపారపు లేఖలను, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలను పాఠాలుగా చేర్చారు. జనం నిజంగా వ్రాసుకొనే భాషను పాఠ్యపుస్తకంలోకి తేవడం ఆ రోజులలో సాహసమే. తాతాచార్యుల కథలనూ, రాజుల యుద్ధాలు అనే పేరుతో అనంతపుర చరిత్రనూ ఆయన అచ్చు వేయించారు. ఆ విధంగా దత్తమండలాల వచనానికి గ్రంథస్థ గౌరవం కలిగింది.

బ్రౌన్ కీర్తికి శిఖరం వంటిది 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. కావ్యభాషతోపాటు నిత్యవ్యవహారంలోని వాడుక భాషను కూడా వివరించే నిఘంటువు అని దాని పేరులోనే ఆయన ప్రకటించారు. అదే సంవత్సరంలో కచేరీ పదాలను వివరించే జిల్లా నిఘంటువును, 1854లో తెలుగులో కలిసిన అన్యభాషాపదాలకు మిశ్రభాషా నిఘంటువును సిద్ధం చేశారు. పండితులు అన్యదేశ్యాలని త్రోసిపుచ్చిన మాటలకు అందులో చోటు దొరికింది. ఇంగ్లండులోని మాండలికపదాలను జోసఫ్ రైట్ ఆరు సంపుటాలలో ప్రకటించడం 1898 నుండి 1905 వరకు జరిగింది. దానికి 40 సంవత్సరాలకు పూర్వమే తెలుగువారి కలగలుపు పలుకుబడికి ఒక నిఘంటువు ఏర్పడడం గమనింపదగినది.

బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. ఆయన కృషి పరిపాలనకు కూడా ఉపకరించిందన్నది వాస్తవం. అయితే పాలనావసరం ఆయనను వ్యవహారభాష వద్దకు చేర్చినా, సొంత ధనాన్నీ, జీవితాన్నీ ధారపోయించినది ఆ భాషపై గల ప్రేమ మాత్రమే. 1855లో ఉద్యోగం విరమించి లండను చేరిన తరువాత, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. అవివాహితుడిగానే ఉండి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

ఆయన వేసిన బాటలో తెలుగువారే ముందుకు సాగారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది. నాగలీ మడకా సరిసమానమైన గౌరవంతో పక్కపక్కన నిలిచాయి. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసిన గ్రంథాలయం తరువాత భాషా పరిశోధన కేంద్రంగా వికసించింది. ఆదోని సంతలో వినిపించే మాటైనా, గోదావరి తీరాన వినిపించే మాటైనా తెలుగే. ఎదుటివాని యాస మనకు అర్థం కానప్పుడు నవ్వడం సులభం, నేర్చుకోవడం కష్టం. బ్రౌన్ ఆ కష్టమైన మార్గాన్నే ఎన్నుకున్నారు; అందువల్లనే పరదేశి అయినా తెలుగువారికి ఆత్మీయుడయ్యారు.