ఇత్సింగ్ ప్రయాణ సన్నాహం

ఉపోద్ఘాతం

దూరప్రయాణానికి బయలుదేరే ముందు మీరు ఏమేమి సర్దుకుంటారు? బట్టలు, డబ్బు, దారిలో తినడానికి ఏదైనా. వీలైతే ఒక తోడు కూడా చూసుకుంటారు. కాని వెళ్ళేది భాష తెలియని దేశానికయితే? తిరిగి వస్తామో రామో తెలియకపోతే? సుమారు 1,350 సంవత్సరాల క్రితం ఇత్సింగ్ అనే బౌద్ధ భిక్షువు చైనా నుంచి మన దేశానికి యాత్రకు వచ్చాడు. చరిత్ర పాఠాల్లో ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్‌ల తరువాత మీరు ఈ పేరు విని ఉంటారు. ఆయన ఈ యాత్రకు ఎలా సిద్ధపడ్డాడో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇత్సింగ్ యాత్ర ఆలస్యం కావడానికి కారణాలు చెప్పగలుగుతారు.
- ఆయన చేసుకున్న ఏర్పాట్లను వివరించగలుగుతారు.
- ఆ ఏర్పాట్ల వల్ల కలిగిన ఫలితాన్ని గుర్తించగలుగుతారు.

1. కోరిక - ఎదురుచూపు

ఇత్సింగ్ క్రీ.శ. 635లో ఉత్తర చైనాలో జన్మించాడు. ఏడో ఏట ఆయనను ఒక బౌద్ధ మఠంలో చేర్చారు. అక్కడ ఇద్దరు గురువులు ఆయనను పెంచి చదువు చెప్పారు. వారిలో ఒకరు ఇత్సింగ్ పన్నెండో ఏటనే మరణించారు. పద్నాలుగో ఏట ఇత్సింగ్ సన్యాసం స్వీకరించాడు.

బుద్ధుడు నడిచిన నేలను చూడాలనే కోరిక ఆయనకు పద్దెనిమిదో ఏట కలిగింది. ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్‌ల జీవితాలు ఆయనకు స్ఫూర్తినిచ్చాయి. అయితే వెంటనే బయలుదేరలేదు. ముందు పూర్తి భిక్షు దీక్ష తీసుకున్నాడు. తరువాత అయిదేళ్ళు భిక్షువుల నియమాలను శ్రద్ధగా చదివాడు. ఈ నియమాలనే బౌద్ధులు వినయం అంటారు. చైనా మఠాల్లో ఈ నియమాలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పాటించేవారు. అసలు పద్ధతి ఏదో భారతదేశంలో స్వయంగా చూసి తెలుసుకోవాలనే పట్టుదల ఇత్సింగ్‌కు ఈ చదువు వల్లనే కలిగింది. ఏమి చూడాలో తెలిసిన తరువాతే ఆయన ప్రయాణం కట్టాడు.

బయలుదేరే నాటికి ఆయనకు ముప్పై ఏడో ఏడు. అంటే కోరిక పుట్టి పందొమ్మిదేళ్ళు గడిచాయి.

2. అనుమతి, తోడు, ఖర్చు

బయలుదేరే ముందు ఇత్సింగ్ బతికి ఉన్న గురువు దగ్గరకు వెళ్ళాడు. గురువు వృద్ధుడు. తిరిగి వచ్చేసరికి ఆయన ఉంటారో లేదో తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఇటువంటి అవకాశం మళ్ళీ రాదని, తన గురించి ఆలోచించి ఆగిపోవద్దని గురువు చెప్పి పంపాడు. చనిపోయిన గురువు సమాధిని కూడా ఇత్సింగ్ దర్శించుకున్నాడు.

కలిసి వెళ్దామని మొదట కొందరు భిక్షువులు అనుకున్నారు. వారిలో ఒకరికి ముసలి తల్లి ఉంది. మరొకరి మనసు వేరే సాధన వైపు మళ్ళింది. అలా ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరికి ఒక యువ భిక్షువు మాత్రమే తోడుగా మిగిలాడు.

ప్రయాణానికి కావలసిన సామగ్రిని దక్షిణ చైనాలో ఒక అధికారి, ఆయన కుటుంబం సమకూర్చారు. గ్వాంగ్‌జౌ రేవులో పారశీకుల ఓడ ఒకటి కుదిరింది. ఆ సముద్రంలో ఓడలు రుతుపవనాల మీద ఆధారపడి నడిచేవి. చలికాలపు గాలి ఓడలను దక్షిణానికి నెడుతుంది. అందుకే ఆ గాలి వీచే వరకు ఆగి, 671 చివరలో బయలుదేరారు.

పాఠ్యగత ప్రశ్నలు
(అ) ఇత్సింగ్ బయలుదేరే ముందు ఏ చదువు పూర్తి చేశాడు?
(ఆ) ఓడ చలికాలంలో బయలుదేరడానికి కారణం ఏమిటి?

3. దారిలో ఒక బడి

సుమారు ఇరవై రోజులకు ఓడ శ్రీవిజయ రాజ్యానికి చేరింది. ఇది నేటి ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉండేది. అక్కడ తోడు వచ్చిన యువ భిక్షువు జబ్బుపడి వెనుదిరిగాడు. ఇత్సింగ్ ఒంటరివాడయ్యాడు.

అయినా ఆయన తొందరపడలేదు. శ్రీవిజయలో ఆరు నెలలు ఉండి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. 673లో నేటి పశ్చిమ బెంగాల్‌లోని తామ్రలిప్తి రేవులో దిగాడు. అక్కడ హుయాన్‌త్సాంగ్ శిష్యుడైన ఒక చైనా భిక్షువు కలిశాడు. తామ్రలిప్తిలోనూ సుమారు ఒక సంవత్సరం ఆగి, భాషను మెరుగుపరచుకున్న తరువాతే ఇద్దరూ నలందా దారి పట్టారు.

ఇంత సిద్ధపడినా దారిలో కష్టాలు తప్పలేదు. జబ్బు చేసి ఇత్సింగ్ వర్తకుల గుంపు నుంచి వెనుకబడ్డాడు. కొండదారిలో దొంగలు ఆయనను నిలువునా దోచుకున్నారు. తెల్లని ఒళ్ళు గలవారిని పట్టి బలి ఇస్తారని ఆయన విని ఉన్నాడు. అందుకని ఒంటికి బురద పూసుకుని, ఆకులు కప్పుకుని నడిచాడు. రాత్రి పొద్దుపోయాక తోటివారిని కలుసుకున్నాడు.

4. ఇతరుల మొక్కులు

ఇత్సింగ్ బోధగయకు తన కోసం మాత్రమే వెళ్ళలేదు. స్వదేశంలో భిక్షువులు, గృహస్థులు ఇచ్చిన పట్టుబట్టతో బుద్ధవిగ్రహానికి సరిపోయే వస్త్రం చేయించి సమర్పించాడు. ఒక భిక్షువు పంపిన చిన్న గొడుగులను ఆయన పేరున అర్పించాడు. ఇంకొకరి తరఫున నమస్కరించాడు. రాలేనివారు అప్పగించిన మొక్కులను ఒక్కటి కూడా మరువలేదు.

తరువాత నలందాలో సుమారు పదేళ్ళు చదివాడు. మూడు వేలకు పైగా భిక్షువులున్న ఆ విద్యాపీఠంలో జీవన విధానాన్ని వివరంగా రాసుకున్నాడు. తాగే నీటిని ఎలా వడకట్టాలి, పళ్ళు ఎలా తోముకోవాలి వంటి విషయాలను కూడా వదల్లేదు.

మన ప్రాంతంతో కూడా ఇత్సింగ్‌కు సంబంధం ఉంది. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్లు చెప్పే సుహృల్లేఖను ఆయన చైనా భాషలోకి అనువదించాడు.

5. తిరుగు ప్రయాణం

685లో ఇత్సింగ్ దాదాపు అయిదు లక్షల శ్లోకాల పరిమాణంగల గ్రంథాలతో తామ్రలిప్తిలో ఓడ ఎక్కి మళ్ళీ శ్రీవిజయ చేరాడు. అక్కడ అనువాదం మొదలుపెట్టాడు కాని కాగితం, సిరా చాలలేదు. 689లో వాటి కోసం చైనాకు ఉత్తరం పంపాలని రేవులోని ఓడ ఎక్కాడు. ఇంతలో గాలి అనుకూలించి ఓడ కదిలిపోయింది! గ్రంథాలన్నీ శ్రీవిజయలోనే ఉండిపోయాయి. ఇత్సింగ్ గ్వాంగ్‌జౌలో దిగి, సహాయకులను కూడగట్టుకుని, అదే సంవత్సరం తిరిగి వెళ్ళాడు.

చివరకు 695లో లోయాంగ్ నగరం చేరాడు. చక్రవర్తిని వూ స్వయంగా ఎదురు వచ్చి స్వాగతం పలికింది. అప్పటికి ఇల్లు విడిచి సుమారు పాతికేళ్ళు. మిగిలిన జీవితం అనువాదానికే అంకితం చేసి, 713లో మరణించాడు.

సారాంశం

భారతదేశం వెళ్ళదలచిన చైనా భిక్షువులు ముందు శ్రీవిజయలో ఒకటి రెండేళ్ళు చదువుకుని వెళ్ళాలని ఇత్సింగ్ తన గ్రంథంలో సలహా ఇచ్చాడు. ఇది ఆయన స్వానుభవం. మీలో చాలామంది చదువు మధ్యలో ఆగిపోయి, మళ్ళీ ఇప్పుడు పుస్తకం పట్టినవారే. ఆలస్యమైందని మీకు అనిపిస్తే ఇత్సింగ్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆ పందొమ్మిదేళ్ళు ఆయనకు వృథా కాలేదు. నలందాలో గడిపిన పదేళ్ళకు అవే పునాది అయ్యాయి.

పాఠాంత ప్రశ్నలు
1. ఇత్సింగ్ తోటి యాత్రికులు ఎందుకు ఆగిపోయారు? వారి నిర్ణయం గురించి మీరేమనుకుంటున్నారు?
2. బోధగయలో ఇత్సింగ్ ఎవరెవరి తరఫున ఏమేమి సమర్పించాడు?
3. మీరు చాలాకాలంగా వాయిదా వేస్తున్న పని ఒకటి ఎన్నుకోండి. దానికి ముందుగా ఏమి నేర్చుకోవాలో, ఎవరి సాయం కావాలో పది వాక్యాల్లో రాయండి.