రాయగఢ్ కథక్‌కు రూపమిచ్చిన రాజా చక్రధర్ సింగ్

శంకర్ నగర్ (రాయ్‌పూర్): కథక్ నృత్యం అనగానే లక్నో, జైపూర్, బెనారస్ ఘరానాలు స్ఫురిస్తాయి. రాయగఢ్ పేరు తెలుగు నేలపై అంతగా వినిపించదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ఒక చిన్న సంస్థానంలో, రాజా చక్రధర్ సింగ్ హయాంలో రూపుదిద్దుకున్న శైలి అది.

1905లో రాయగఢ్ రాజకుటుంబంలో జన్మించిన చక్రధర్ సింగ్ రాయ్‌పూర్‌లోని రాజ్‌కుమార్ కళాశాలలో చదువుకున్నారు. అన్న నట్‌వర్ సింగ్ అనంతరం 1924లో గద్దెనెక్కారు. తబలా, పఖావజ్ వాద్యాలలో ఆయన దిట్ట. వినాయక చవితికి జరిగే గణేశ మేళాకు దేశం నలుమూలల నుంచి కళాకారులను రప్పించేవారు. లక్నో ఘరానాకు చెందిన అచ్ఛన్ మహారాజ్, జైపూర్ ఘరానాకు చెందిన జైలాల్ వంటి గురువులు ఆయన కొలువులో విద్య నేర్పారు. లక్నో వారిది అభినయ లాలిత్యం, జైపూర్ వారిది లయప్రధానమైన పాదవిన్యాసం. రాయగఢ్‌లో ఈ రెండూ కలిశాయి.

అంతకంటే విశేషం, ఆ విద్య ఎవరికి అందిందన్నది. ముఖ్య శిష్యులైన కార్తిక్ రామ్, కల్యాణ్ దాస్, ఫిర్తూ దాస్, బర్మన్ లాల్ రాచబిడ్డలు కారు. కార్తిక్ రామ్ బాల్యంలో గమ్మత్ ఆడిన పల్లెటూరి బాలుడు. గమ్మత్ ఆ ప్రాంతపు జానపద నాటకం. అందులో ఆడవేషాలు సైతం మగవారే కడతారు. కూచిపూడి మేళాలను ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు.

రాజు స్వయంగా బోల్‌లు కూర్చారు. మన జతుల వంటివే బోల్‌లు. అయితే ఆయన కూర్పులకు ప్రకృతే ఆధారం: దళ్ బాదల్ అంటే మేఘాల దండు, కడక్ బిజలీ అంటే ఫెళఫెళలాడే మెరుపు. అక్షరాల మోతలోనే మబ్బుల కదలిక వినిపించాలన్నది ఉద్దేశం. నర్తన సర్వస్వం, తాలతోయనిధి వంటి గ్రంథాలూ ఆయన పేరిట ఉన్నాయి.

ఇది ప్రత్యేక ఘరానా కాదు, రెండు శైలుల మిశ్రమమేనన్న వాదం నేటికీ ఉంది. గురువులు బయటివారన్నది నిజమే. ఈ బోల్‌లు మాత్రం రాయగఢ్‌వే.

1947 అక్టోబరులో, 42వ ఏట చక్రధర్ సింగ్ కన్నుమూశారు. 1948 జనవరి 1న సంస్థానం విలీనమైంది. మూడు నెలల వ్యవధిలోనే నర్తకులకు పోషకుడూ లేడు, కొలువూ లేదు. సుమారు మూడు దశాబ్దాల తర్వాత, 1981లో భోపాల్‌లో చక్రధర్ నృత్య కేంద్రం ఏర్పడింది. ఒకనాటి గమ్మత్ బాలుడు కార్తిక్ రామ్ అక్కడ గురువై, కుమారుడు రామ్‌లాల్‌తో కలిసి కొత్త తరానికి ఆ బోల్‌లు నేర్పారు.