జేమ్సు లిండు చరిత్రము

ఒక యింటిలో నెవరికైన జ్వరము వచ్చినచో, చూడవచ్చినవారు తలకొక మందు చెప్పుదురు. ఒకరు కషాయమందురు, వేరొకరు లంఘనమందురు, మూడవవారు తమ మేనమామకు ఫలాని గుళికతో నిమ్మళించెనందురు. కొన్నాళ్లకు రోగి లేచి కూర్చుండును. అప్పుడందరును తమతమ మందే పనిచేసెనని నమ్ముదురు. ఏది నిజముగా పనిచేసెనో, లేక ఏదియు పనిచేయకయే జ్వరము తనంతట తాను దిగెనో తెలిసికొను మార్గమేది? 270 సంవత్సరములకు పైబడిన క్రిందట, సముద్రమధ్యమున ఒక యోడలో, పండ్రెండుగురు రోగులతో ఈ ప్రశ్నకు జవాబు వెదకిన వైద్యుని చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాను.

జేమ్సు లిండు 1716 లో స్కాట్లాండు దేశమందలి ఎడింబరో నగరమున ఒక వర్తకుని యింట జన్మించెను. పదునైదవయేట ఒక శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా చేరి పని నేర్చి, 1739 లో బ్రిటిషు నౌకాదళమున శస్త్రవైద్యునికి సహాయకుడుగా ప్రవేశించెను. కొన్నియేండ్లు అనేక సముద్రములు తిరిగిన పిమ్మట సాలిస్‌బరీ అను యుద్ధనౌకకు శస్త్రవైద్యుడాయెను. అతని పేరు నేటికి నిలిచియుండుట ఆ యోడవలననే.

ఆ కాలపు నావికులకు శత్రువుల ఫిరంగులకంటె స్కర్వి యను రోగము భయంకరమైనది. నెలల తరబడి ఎండురొట్టెయు ఉప్పుమాంసమును తప్ప వేరాహారము లేనివారికి ఇది పట్టెడిది. మొదట బద్ధకమును కీళ్లనొప్పియు. పిమ్మట చిగుళ్లు ఉబ్బి, నల్లబడి, రక్తము కారును. దంతములు కదలి రాలును. తొడలమీదను పిక్కలమీదను నల్లని మచ్చలు కనబడును. ఎన్నడో మానిన గాయములు సైతము మరల పగులును. తుదకు రోగి పడకనుండి లేవబోయి, కుప్పకూలి ప్రాణము విడుచును. 1497 లో బయలుదేరి మన దేశపు పడమటితీరమునకు సముద్రమార్గము కనుగొనిన వాస్కోడగామాతో వచ్చినవారిలో అనేకులను ఈ రోగమే పొట్టనబెట్టుకొనెను. 1740 లో ఆన్సను అను నౌకాధిపతి సుమారు 1,900 మందితో భూప్రదక్షిణమునకు వెడలి 1744 లో తిరిగివచ్చునప్పటికి, వారిలో 1,400 మంది వరకు మరణించిరి. శత్రువులచేత చచ్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

మందులు లేక యింతమంది చచ్చిరనుకొనరాదు. మందులు కావలసినన్ని యుండెను. ఒక వైద్యుడు చిరక త్రాగుమనును; ఒకడు ఆమ్లము త్రాగుమనును; ఇంకొకడు సముద్రజలమే త్రాగుమనును. ఒక్కొక్క మందు వెనుక ఒక్కొక్క గొప్పవాని పేరుండెను. వానిని ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెనన్న తలంపుమాత్రము ఎవరికిని పుట్టలేదు.

1747 మే నెల 20 వ తేదిన లిండు ఆ పనికి పూనుకొనెను. రోగలక్షణములు సాధ్యమైనంతవరకు సమానముగానున్న పండ్రెండుగురిని ఏరి, ఓడలో ఒక్కచోటనే పరుండబెట్టెను. ఉదయమున చక్కెర వేసిన గంజి, మధ్యాహ్నమున మాంసపురసము, రాత్రి బియ్యము, బార్లీ, ఎండుద్రాక్ష మొదలగునవి అందరికిని ఒకే రీతిగా పెట్టించెను. పిమ్మట వారిని ఇద్దరిద్దరుగా ఆరు జంటలు చేసెను. మొదటి జంటకు ఆపిలుపండ్ల రసమును పులియబెట్టిన పానీయము. రెండవ జంటకు నీరుగార్చిన గంధకామ్లపు చుక్కలు. మూడవ జంటకు చిరక. నాలుగవ జంటకు సముద్రజలము. అయిదవ జంటకు దినమునకు రెండేసి నారింజపండ్లును ఒక్కొక్క నిమ్మపండును. ఆరవ జంటకు వెల్లుల్లి, ఆవాలు, బోళము మున్నగువానితో నూరి, జాజికాయంత ఉండ చేసిన లేహ్యము. త్రాగుటకు చింతపండు పులుసు కలిపిన బార్లీనీరు. (మన చింతపండు అంతదూరపు ఓడలోనికి ఎక్కినదని చదివినప్పుడు నాకు కొంత నవ్వు వచ్చినది.)

ఆరు దినములలో పండ్లు అయిపోయెను. ఆపాటికే ఆ పండ్లు తిన్న యిద్దరిలో ఒకడు పనికి పోదగినంత స్వస్థుడాయెను. రెండవవాడును బాగుగా కోలుకొనినందున, మిగిలిన రోగులకు పరిచర్య చేయుటకు అతనినే నియమించిరి. ఆపిలు పానీయము త్రాగినవారికి కొంచెము గుణము కనబడెను. తక్కినవారికి చెప్పుకొనదగిన మేలు కలుగలేదు.

ఈ పరీక్షలో లోపములు లేకపోలేదు. జంటకిద్దరే యగుటచేత అదృష్టమునకు కొంత తావుండెను. అదిగాక, కాళ్లు బిగిసిపోయి అందరికంటె ఎక్కువ బాధపడుచున్న యిద్దరికే సముద్రజలము దక్కెను. తరగతిలో కుంటివానిని ఒక జట్టున చేర్చి పరుగుపందెము పెట్టినచో ఆ జట్టు ఓడిపోవుట వింతగాదు. లిండు ఈ భేదమును దాచక వ్రాసెను. చోటు, ఆహారము, కాలము, రోగము ఒక్కటిగానుంచి, మందుమాత్రము మార్చి చూచుట ఆనాటికి అపూర్వమైన పద్ధతి. ఇప్పుడు లోకములో క్రొత్త మందులకు జరుగు పరీక్షలన్నియు ఈ త్రోవనే పోవుచున్నవి.

తరువాత లిండు నౌకాదళమును విడిచి, 1748 లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, ఆ నగరమందే వైద్యము చేయుచు, 1753 లో స్కర్విని గూర్చిన పెద్ద గ్రంథమును ప్రకటించి, దానిని ఆన్సనుకు అంకితము చేసెను. అందులో ఒక భాగమున, తనకు ముందు ఈ రోగమును గూర్చి వ్రాసినవారినందరిని వరుసగా విమర్శించెను. ఎవరు కన్నులార చూచి వ్రాసిరి, ఎవరు పరుల వ్రాతను నమ్మి వ్రాసిరి అను విచారణ యది. ఆ పాతవ్రాతలలో మేలిమియు లేకపోలేదు. 1601 లో ఈస్టిండియా కంపెనీవారి మొదటి యాత్రకు నాయకుడైన లాంకాస్టరు తన యోడలోని మనుష్యులకు ప్రతి ఉదయమున మూడేసి చెంచాల నిమ్మరసము పోయించి వారిని కాపాడుకొనెను. వెంటవచ్చిన మూడు ఓడలలోను రోగము ప్రబలెను. ఇంతటి సాక్ష్యము నూటయేబది సంవత్సరములు ఎవరికిని పట్టకుండెను.

లిండు సాక్ష్యమునకును ఇంచుమించు అదే గతి పట్టెను. ఇందులో ఇతరుల తప్పుతోపాటు అతని తప్పును కలదు. నాలుగువందల పుటలకు మించిన గ్రంథములో ఆ పరీక్ష కొలది పేరాలలో ముగిసినది. పండ్లే గెలిచినవని కన్నులార చూచియు, చెమ్మగాలివలన చెమట లోలోపల నిలిచిపోవుటయే రోగకారణమను సిద్ధాంతమును అతడు విడువలేకపోయెను. అంతకంటె పెద్ద పొరపాటు వేరొకటి. పండ్లు ఓడలో నిలువయుండవు గనుక, వాని రసమును వేడినీటి సెగమీద గంటలకొలది ఇగిర్చి పాకముచేసి సీసాలలో నుంచుడని సలహా చెప్పెను. ఆ పాకమునకు పచ్చిరసపు గుణమున్నదో లేదో మాత్రము రెండు జంటలను నిలిపి చూడలేదు! ఆ రసమునందు గుణకారియైనది సి విటమిను అని 1932 నాటికి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన ఉసిరికాయయందును జామకాయయందును అది సమృద్ధిగా గలదు. కాని వేడికిని నిలువకును అది చెడిపోవును. కాబట్టి ఆ పాకము త్రాగినవారికి మేలు అంతగా కనబడక, నిమ్మపండుమీది నమ్మకమే సడలెను. తన పాకమును తానే పరీక్షింపకపోవుట అంతటివానికి తగిన పనికాదని నా అభిప్రాయము.

1758 లో లిండు హాస్లరు అనుచోట నౌకాదళపు గొప్ప ఆసుపత్రికి ప్రధానవైద్యుడై, 1783 వరకు పనిచేసెను. స్కర్వి రోగులు వందలకొలది అచ్చటికి వచ్చుచునేయుండిరి. సప్తవర్ష సంగ్రామమున (1756-1763) నౌకాదళమున చేరిన సుమారు 1,85,000 మందిలో యుద్ధమున చచ్చినవారు 1,512 మంది. వ్యాధులచేత చచ్చినవారును పారిపోయినవారును కలిసి 1,33,000 కు పైగా నుండిరి.

లిండు గ్రంథమును శ్రద్ధగా చదివినవారిలో గిల్బర్టు బ్లేను అను వైద్యుడు ఒకడు. ఇతడు 1780 మొదలు వెస్టిండీసు నౌకాదళమునకు వైద్యుడుగానుండి, ప్రతి ఓడనుండియు నెలనెలకు రోగుల లెక్కలు తెప్పించెను. సుమారు 12,000 మందిలో ఒక సంవత్సరమున 1,500 మందికి పైగా రోగములచేత చచ్చిరనియు, శత్రువులచేత చచ్చినవారు అరువదిమందియే యనియు అంకెలతో అధికారులయెదుట పెట్టెను. పండ్లను గూర్చి చెప్పినప్పుడు చెవినిపెట్టనివారు అంకెలను చూచి ఆలోచింపసాగిరి.

లిండు 1794 జులై 13 వ తేదిన గాస్పోర్టులో మరణించెను. అప్పుడు సఫోకు అను యుద్ధనౌక ఇంగ్లండునుండి మన చెన్నపట్టణమునకు వచ్చుచు నడిసముద్రమున నుండెను. ఆ యోడలోని ప్రతి నావికునికి దినదినమును చక్కెరతో కలిపిన నిమ్మరసము పోయుచుండిరి; అది పాకము కాదు, కాచని రసము. 23 వారములు ఎచ్చటను నేల త్రొక్కక వచ్చిన ఆ యోడ సెప్టెంబరులో చెన్నపట్టణపు రేవు చేరెను. దారిలో కొందరికి స్కర్వి లక్షణములు పొడచూపగా, రసము హెచ్చించుటతోనే అవి తగ్గెను. ఆ రోగమున ఒక్కడును చావలేదు. మరుసటి సంవత్సరమున, బ్లేను ప్రోద్బలముచేత, నిమ్మరసము నౌకాదళమునకు అంగీకృతమైనది. పరీక్ష జరిగి అప్పటికి 48 సంవత్సరములు. 1780 లో వేయిమందికి పైగా స్కర్వి రోగులను చేర్చుకొనిన హాస్లరు ఆసుపత్రిలో, 1806 నాటికి ఆ రోగి కనబడుటయే అరుదాయెను.