లీ షిజెన్
లీ షిజెన్ (1518 - 1593) చైనాలో మింగ్ వంశ పాలనాకాలానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, ఔషధ శాస్త్రజ్ఞుడు. ఈయన రచించిన బెన్‌త్సావ్ గాంగ్‌ము అనే ఔషధ గ్రంథం చైనా సంప్రదాయ వైద్యంలో అత్యంత ప్రామాణికమైనదిగా పేరు పొందింది. పుట్టగొడుగుల గురించి, జుట్టు నల్లబడటానికి వాడే మందుల గురించి నాటి చైనీయుల జ్ఞానం, నమ్మకాలు ఈ గ్రంథంలో విపులంగా లభిస్తాయి.

జననం, విద్య

లీ షిజెన్ నేటి హుబేయ్ రాష్ట్రంలోని చిజౌలో వైద్యుల కుటుంబంలో జన్మించాడు. తాత ఊరూరా తిరిగి వైద్యం చేసేవాడు. తండ్రి లీ యాన్‌వెన్ కూడా పేరున్న వైద్యుడే. ఆ రోజుల్లో వైద్యవృత్తికి తగిన గౌరవం లేకపోవడంతో తండ్రి కుమారుణ్ణి రాజోద్యోగానికి పంపదలచాడు. లీ 14 ఏళ్ళ వయసులో తొలి అంచె పరీక్షలో ఉత్తీర్ణుడైనా, తరువాతి అంచెలో మూడు పర్యాయాలు విఫలుడయ్యాడు. అటుపై తండ్రి వద్దనే వైద్యం అభ్యసించాడు.

గ్రంథ రచన

చూ రాకుమారుని కొడుకుకు చికిత్స చేసి పేరు తెచ్చుకున్న లీకి బీజింగ్‌లోని రాజవైద్యశాలలో స్థానం లభించింది. అయితే కొద్దికాలానికే స్వస్థలానికి తిరిగివచ్చాడు. పాత ఔషధ గ్రంథాలలో ఒకే మొక్కను రెండుగా, రెండు మొక్కలను ఒకటిగా పేర్కొన్న తప్పులు ఉండేవి. వాటివల్ల రోగుల ప్రాణాలకే ప్రమాదమని గ్రహించి 1552లో కొత్త గ్రంథానికి పూనుకున్నాడు. సుమారు 800 గ్రంథాలు పరిశీలించి, కొండలు, అడవులు తిరిగి, రైతులను, వేటగాళ్ళను అడిగి తెలుసుకొని, మూడుసార్లు తిరగరాసి 1578లో పూర్తి చేశాడు. 52 సంపుటాల ఈ గ్రంథంలో 1,892 ఔషధాలు, 11,000కు పైగా చికిత్సా యోగాలు ఉన్నాయి.

పుట్టగొడుగులు, కేశ ఔషధాలు

నాటి చక్రవర్తి జియాజింగ్ (పాలన 1521 - 1567) తావో మతాభిమాని. చిరాయువు కోసం దేశం నలుమూలల నుండి లింగ్‌జి అనే పుట్టగొడుగులను తెప్పించుకొనేవాడు. లీ మాత్రం లింగ్‌జిని కూరగాయల విభాగంలో చేర్చాడు. అది కుళ్ళిన పదార్థం నుండి పుట్టేదని, మనిషి ఒంటిపై కంతి వంటిదని, దాన్ని తింటే అమరత్వం వస్తుందనడం మూఢత్వమని వ్రాశాడు. చెట్లపై పెరిగే చెవి ఆకారపు పుట్టగొడుగుల మంచిచెడ్డలు ఆయా చెట్లను బట్టే ఉంటాయని, పరీక్షించకుండా వాడరాదని హెచ్చరించాడు. పాదరసంతో చేసే అమరత్వ గుళికలను తిని ఎందరో మరణించారని కూడా పేర్కొన్నాడు.

గడ్డం, జుట్టు నల్లగా ఉండటానికి జియాజింగ్‌కు ఒక తావో యోగి సమర్పించిన మందును ఈ గ్రంథం నమోదు చేసింది. దాని పేరుకు ఏడు రత్నాల అందమైన గడ్డపు గుళిక అని అర్థం. ఇందులో ప్రధానమైనది హే షౌ వు అనే తీగ దుంప. దానిని నల్ల చిక్కుడు గింజలతో తొమ్మిదిసార్లు ఆవిరిపై ఉడికించి ఎండబెట్టేవారు. పైన్ జాతి చెట్ల వేళ్ళపై పెరిగే ఫులింగ్ అనే శిలీంధ్రపు గడ్డను పొడిచేసి, చనుబాలలో నానబెట్టి కలిపేవారు. ఈ మందు చక్రవర్తికి గుణమిచ్చిందనీ, తరువాత ఆయనకు వరుసగా సంతానం కలిగిందనీ లీ వ్రాశాడు. హే షౌ వు వాడకంవల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ఆధునిక వైద్యంలో నమోదైంది.

ముద్రణ, మరణం

గ్రంథ ముద్రణకు లీ చాలా కాలం ఎదురుచూడవలసి వచ్చింది. పీఠిక కోసం 1580లో పండితుడు వాంగ్ షిజెన్‌ను ఆశ్రయించగా, అది 1590లో గాని లభించలేదు. నాన్‌జింగ్‌కు చెందిన హూ చెంగ్‌లాంగ్ ముద్రణకు పూనుకున్నాడు. పుస్తకం వెలువడక ముందే 1593లో లీ మరణించాడు. 1596లో గ్రంథం వెలువడింది. అదే ఏడాది ఆయన కుమారుడు దానిని వాన్‌లీ చక్రవర్తికి సమర్పించాడు. 2011లో యునెస్కో ఈ గ్రంథాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.