కాంతి రహస్యమును వెదకిన రామన్ గారు

మన ఎచ్చెర్ల ప్రాంతమువారికి సముద్రము క్రొత్త కాదు. బుడగట్లపాలెము ఒడ్డున నీరు మట్టిరంగుగా నుండును. లోనికి పోయినకొలది పచ్చనగును. నడిసముద్రమున నీలముగా కనుపించును. దోసిట పట్టిన నీటికి మాత్రము ఏ రంగును లేదు. అందరును చూచెడి ఈ వింతను గూర్చి ఏల యని అడిగి, సమాధానము దొరకువరకు విడువని మహనీయులు చంద్రశేఖర వేంకట రామన్ గారు. వారి బాల్యము గడచినది మనకు పొరుగుననున్న విశాఖపట్టణముననే.

రామన్ గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు 1892లో విశాఖపట్టణమందలి ఎ. వి. ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రముల ఉపన్యాసకులుగా కుదురుటచే కుటుంబము అచట స్థిరపడెను. రామన్ గారు 11వ యేట మెట్రిక్యులేషనును, 13వ యేట ఎఫ్. ఏ. పరీక్షను అచటనే నెగ్గి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి, 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పట్టములు పొందిరి. తమ మనస్సును తీర్చిదిద్దిన గ్రంథములు మూడని వారు తరువాతి కాలమున చెప్పుకొనిరి. అవి ఎడ్విన్ ఆర్నాల్డు రచించిన బుద్ధచరిత్ర కావ్యము, యూక్లిడు క్షేత్రగణితము, హెల్మ్‌హోల్ట్జ్ నాదశాస్త్రము. బీరువాలో ఒక మూలన ఇమిడిపోవు మూడు పుస్తకములు ఒక మహాశాస్త్రజ్ఞుని మార్గమును నిర్ణయించినవి.

కాంతి యననేమి? చెరువులో రాయి వేసిన అలలు లేచును. ఆ అలలకు ఇరుకైన సందు ఎదురైనచో, దానిని దాటిన పిమ్మట అవి తిన్నగా పోక ఇరుప్రక్కలకు వ్యాపించును. కాంతియు నట్టి తరంగమే. కాని మిక్కిలి సూక్ష్మమైనది. ఒక మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో, ఎఱ్ఱని కాంతి తరంగము పొడవు సుమారు 7 భాగములు, ఊదారంగు కాంతిది సుమారు 4 భాగములు మాత్రమే. కావుననే వెలుగు వంగుట సాధారణముగా మన కంటబడదు. రాత్రివేళ గొడుగు గుడ్డ గుండ దూరపు దీపమును చూచినచో, దీపమునకు ప్రక్కలను చిన్నచిన్న వెలుగులు వరుసగా ఏర్పడుట కనవచ్చును. దారపు పోగుల సందులలో వ్యాపించిన తరంగములు ఒకదానితో నొకటి కలియుటయే ఇందుకు కారణము. అల శిఖరముపై శిఖరము పడినచోట వెలుగు. శిఖరముపై పల్లము పడినచోట చీకటి. దీర్ఘచతురస్రాకారపు సందుగుండ ఏటవాలుగా పోవు కాంతిలో ఈ చారలు ఇరుప్రక్కల సమానముగా నుండవని విద్యార్థి దశలోనే రామన్ గారు కనిపెట్టిరి. ఆ వ్యాసము 1906లో ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మాగజీను నందు అచ్చయ్యెను. అప్పటికి వారి వయస్సు 18 ఏండ్లు.

ఆ దినములలో శాస్త్రపరిశోధనయే జీవనోపాధిగా గల భారతీయులు అరుదు. కావున రామన్ గారు ఆర్థికశాఖ పరీక్షలో ప్రథములుగా నెగ్గి, 1907లో కలకత్తాలో ప్రభుత్వోద్యోగమున చేరిరి. పగలు కచేరీ లెక్కలు. ఉదయ సాయంకాలములందు, 1876లో మహేంద్రలాల్ సర్కారు గారు స్థాపించిన శాస్త్రపరిషత్తులో పరిశోధనలు. ఇట్లు పదియేండ్లు గడచెను. 1917లో విశ్వవిద్యాలయమువారు ఆచార్యపదవికి ఆహ్వానింపగా, జీతము తగ్గునని తెలిసియు వారు పెద్ద ఉద్యోగమును విడిచి ఆచార్యులైరి.

1921లో ఆక్స్‌ఫర్డు నగరమున జరిగిన సభకు పోయి, నర్కుండా యను ఓడపై తిరిగివచ్చునపుడు మధ్యధరా సముద్రపు నీలిమ వారి దృష్టిని పట్టుకొనెను. గాలి అణువులు సూర్యకాంతిని చెదరగొట్టుననియు, పొట్టి తరంగముల నీలము ఎరుపుకన్న చాల అధికముగా చెదరుటచే ఆకాశము నీలముగా కనుపించుననియు రేలీ ప్రభువు అదివరకే నిరూపించిరి. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యని కూడ వారు తలచిరి. అంత గొప్పవారి మాటను రామన్ గారు కాదనలేదు, ఔననలేదు, పరీక్షించిరి. నీటిపై ప్రతిఫలించిన కాంతిని ఆపగల నికల్ పట్టకమును కంటికెదురుగా నుంచి చూడగా, ఆకాశపు ప్రతిబింబము పోయెను గాని నీలిమ పోలేదు, మరింత గాఢమయ్యెను. నీటి అణువులును కాంతిని చెదరగొట్టునని వారు తేల్చిరి. నీరు ఎరుపురంగును హరించుటయు నీలిమకు ముఖ్యకారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కాని అది ఆకాశపు నీడ మాత్రమే కాదన్న మాట నిలిచినది.

ఆ ప్రశ్న అంతటితో ఆగలేదు. శిష్యులు కె. ఎస్. కృష్ణన్ గారితో కూడి వారు ఎన్నో ద్రవములలో కాంతి చెదరుటను పరిశీలించిరి. మొదట వాడినది సూర్యకాంతి, రంగు గాజుబిళ్ళలు. చూచు సాధనము మనుష్యుని కన్ను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన ఫలితము స్పష్టమయ్యెను. చెదరిన కాంతిలో అత్యల్పభాగము అణువుల కంపనమునకు కొంత శక్తినిచ్చియో, దానినుండి గ్రహించియో, రంగు మారి వెలువడుచున్నది. ఇదియే రామన్ ఫలితము. ఒక్కొక్క పదార్థపు అణువు ఒక్కొక్క తీరున కంపించును గనుక, మారిన రంగులే ఆ పదార్థపు గుర్తులు. రత్నములను పగులగొట్టకయే, ఔషధములను కరిగింపకయే పరీక్షించుటకు నేడు ఈ పద్ధతి ఉపయోగపడుచున్నది.

1930లో వారికి నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రములలో దానిని పొందిన ఆసియావాసులలో వారే మొదటివారు. వారి శిష్యులలో ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యులై ఈ విద్యను మన తీరమునకు తెచ్చిరి. రామన్ గారు 1948లో బెంగుళూరున తమ పేర పరిశోధనాలయమును నెలకొల్పి, 1954లో భారతరత్న బిరుదము నంది, 1970 నవంబరు 21వ తేదీన దివంగతులైరి. 1987 నుండి ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినముగా జరుపబడుచున్నది.

రామన్ గారు చూచిన నీలిమను ఆ ఓడపైనున్న వారందరును చూచిరి. అడిగినది మాత్రము వారొక్కరు. మన పిల్లలు ఏల యని అడిగినపుడు విసుగుకొనక, ఈ గ్రంథాలయమునకు తోడ్కొనివచ్చి ఒక పుస్తకము చేతికిచ్చుట పెద్దల ధర్మము. ఈ రజతోత్సవవేళ చందాదారులకు మేము చేయు విన్నపము ఇదియే.