పల్లవ మహేంద్రవర్మ

కంచి నేలిన పల్లవరాజులలో మొదటి మహేంద్రవర్మ మిక్కిలి ప్రసిద్ధుడు. ఈయన సింహవిష్ణువు కుమారుడు. క్రీ.శ. 600 ప్రాంతమున సింహాసన మధిష్ఠించి సుమారు 30 సంవత్సరములు పాలించెను. పల్లవులు అరవదేశపు రాజులని మనవారు తలచుట కద్దు. కాని వారి ప్రాచీన శాసనములు పెక్కు తెలుగునాటనే లభించినవి. నెల్లూరు జిల్లా వవ్వేరున దొరికిన సింహవర్మ తామ్రశాసనమునందు కమ్మరులు, చర్మకారులు మొదలగువారిపై గల పన్నుల పట్టిక యున్నది. గ్రామలెక్కలు నిన్న మొన్న పుట్టినవి కావు! మహేంద్రవర్మ బిరుదములలో సయితము కొన్ని తెలుగు మాటలే.

ఆయన కాలమున లోకమంతయు కల్లోలముగ నుండెను. 602లో మొదలైన రోమక పారసీక యుద్ధము 628 వరకు సాగి యుభయులను నిస్సారులను జేసెను. 622లో మహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకు తరలెను. ఉత్తర హిందూస్థానమున 606లో హర్షుడు రాజయ్యెను. ఎల్లెడల మతము రాజాశ్రయమును, రాజు మతబలమును కోరుచుండిరి. కంచియందును జైనులు, బౌద్ధులు, కాపాలికులు, పాశుపతులు ఒకరితో నొకరు వాదములాడుచుండిరి.

ఈ కలహమును జూచి రాజు నవ్వెను. ఆయన సంస్కృతమున రచించిన మత్తవిలాస ప్రహసనములో, త్రాగి తూలుచున్న కాపాలికు డొకడు తన కపాలపాత్రను పోగొట్టుకొని, బౌద్ధభిక్షువు దొంగిలించెనని వీధికెక్కును. తగవు తీర్ప వచ్చిన పాశుపతుడును తేల్చలేడు. తుదకు దానిని కుక్క యెత్తుకొనిపోయినట్లును, పిచ్చివాడొకడు కుక్కనుండి లాగుకొన్నట్లును తెలియును. ఇట్లు ఏ మతమువారిని విడువక పరిహసించిన ప్రభువులు అరుదు.

మహేంద్రవర్మ మొదట జైనుడనియు, తిరునావుక్కరసు ప్రభావమున శైవుడయ్యెననియు ప్రసిద్ధి. ఆ భక్తుని రాతికి కట్టి సముద్రమున త్రోయించెననియు, రాయి తేలి యొడ్డు చేరెననియు చెప్పు పెరియపురాణము ఐదు శతాబ్దముల తరువాతిది. కనుక ప్రతి మాటను జమకట్టుటకు వీలులేదు. తిరుచిరాపల్లి కొండగుహలోని శాసనము మాత్రము రాజు పరమార్గమును విడిచి శివలింగమును కొలిచినట్లు తెలుపుచున్నది. మండగపట్టునందు ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ కొండను తొలిపించి బ్రహ్మ విష్ణు మహేశ్వరులు మువ్వురకును ఒక్క గుడిని కట్టించెను.

నవ్వు రాజ్యమును కాపాడలేదు. చాళుక్య రెండవ పులకేశి పిఠాపురమును, కొల్లేటి సీమను గెలిచి కంచిపై దండెత్తెను. మహేంద్రవర్మ కోటగోడల చాటున దాగెనని పులకేశి ఐహొళె శాసనము (634) చెప్పును. పుళ్ళలూరున శత్రువులను గెలిచెనని పల్లవ శాసనము చెప్పును గాని, ఆ శత్రువు పేరు చెప్పదు! ఎవరి శాసనములో వారిదే గెలుపు. పోయినది మాత్రము స్పష్టము: వేంగి పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుని పాలాయెను. నెల్లూరు సీమ రెండు రాజ్యముల నడిమి సరిహద్దయ్యెను. 642లో మహేంద్రవర్మ కుమారుడు నరసింహవర్మ వాతాపిని పట్టి పగ తీర్చుకొనెను గాని, వేంగి తిరిగి రాలేదు.

రాజు మతము మారినను ప్రజల మతములు మాసిపోలేదు. ఆయన మరణానంతరము పదేండ్లకు చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు కంచిసీమలో నూరుకు పైగా బౌద్ధారామములను, పెక్కుమంది జైనులను పేర్కొనెను. గుంటూరు ప్రాంతమున చేజర్ల కపోతేశ్వరాలయమున మహేంద్రవర్మ నాటి శాసనమున్నది. శివుడు వెలసిన ఆ గుడి బౌద్ధచైత్యాకారముననే నేటికిని నిలిచియున్నది.